పాత పాటకు కొత్త గద్య: మీడియం వేవ్ ఆకాశవాణి కేంద్రాలు – సినీగీత కర్తృత్వం

ప్రవేశిక

తెలుగు సినీగీతంపై వెలువడిన విమర్శ ప్రధానంగా రెండు దారుల్లో నడిచింది. గీతాన్ని తెరనుంచి విడదీసి కవిత్వంగా తూచి చూసే దారి ఒకటి. సన్నివేశానుగుణ్యతను, పాత్రోచితిని ప్రమాణంగా పెట్టుకొని కథలో భాగంగా పరిశీలించే దారి రెండవది. ఈ రెంటిలోనూ గీతం శ్రోతను ఏ మార్గాన చేరిందన్న ప్రశ్నకు దక్కిన చోటు స్వల్పం. తాళపత్రం నుంచి అచ్చుపుస్తకానికి కావ్యం మారినప్పుడు పాఠం, పాఠకుడు, కర్తృత్వ భావన మారిన తీరును సాహిత్యచరిత్ర శ్రద్ధగా గుర్తించింది. సినీగీతం థియేటరు నుంచి రేడియోకు మారినప్పుడు జరిగిన మార్పును మాత్రం అంత శ్రద్ధగా పట్టించుకోలేదు.

‘పాత పాట’ అన్న మాట తెలుగువారి వాడుకలో కాలసూచకం మాత్రమే కాదు, విలువను తెలిపే మాట కూడా. పాత పాట అనగానే మంచి పాట అన్న ధ్వని దానంతటదే వస్తుంది. పాత నవల, పాత నాటకం అన్న మాటలకు ఈ ధ్వని లేదు. ఈ విలువ గీతాల్లోనే ఉన్నదా, వాటిని దశాబ్దాలపాటు వినిపించిన వ్యవస్థ కల్పించినదా అన్నది ఇక్కడి ప్రశ్న. విజయవాడ, విశాఖపట్నం, కడప వంటి ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాలు సినీగీతాన్ని ప్రసారం చేయడంతో ఆగలేదనీ, దానికి కర్తను, కృతిభర్తను, పఠనసంప్రదాయాన్ని సమకూర్చి సాహిత్యకృతి స్థానంలో నిలబెట్టాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆ స్థానకల్పనలో వెలుపల మిగిలిపోయినవేమిటో కూడా పరిశీలిస్తున్నది.

కేంద్రాలు – నేపథ్యం

తెలుగునేలపై రేడియో చరిత్రకు రెండు మూలాలున్నాయి. మొదటిది హైదరాబాదులోని దక్కన్ రేడియో. 1933లో చిన్న ప్రైవేటు కేంద్రంగా మొదలై, 1935లో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వెళ్ళి, 1950లో ఆలిండియా రేడియోలో విలీనమైంది. రెండవది మద్రాసు కేంద్రం. 1938లో అక్కడ ఆలిండియా రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలిసేవరకు కోస్తా, రాయలసీమ ప్రాంతాల శ్రోతలకు తెలుగు కార్యక్రమాలు మద్రాసు నుంచే అందేవి. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు వచ్చాయి. హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 కిలోహెర్ట్‌జులు. ఈ అంకెలు ఒక తరం శ్రోతలకు ఇంటినంబర్లంత పరిచితం.

ఈ కేంద్రాలు రచయితల కొలువులు కూడా. బుచ్చిబాబు, గోపీచంద్, రావూరి భరద్వాజ ఆకాశవాణిలో పనిచేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రేడియోకు విస్తృతంగా గేయాలు రాశారు. తెల్లవారుజామున వినిపించే భక్తిరంజనికి రూపకల్పన చేసిన బాలాంత్రపు రజనీకాంతరావు స్వయంగా కవి, స్వరకర్త. ఆయన రచించిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. వాగ్గేయకారుల చరిత్రను సమగ్రంగా రాసినవాడు రేడియో మనిషి కావడం యాదృచ్ఛికం కాదు. పాటకు కర్త ఎవరన్న ప్రశ్న రేడియో ఉద్యోగికి రోజువారీ పనిలో ఎదురయ్యే ప్రశ్న.

బహిష్కారం నుంచి భాండాగారానికి

పాత పాటకు రేడియోలో దక్కిన గౌరవం మొదటినుంచీ ఉన్నది కాదు. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ బాధ్యతలు చేపట్టిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. ఆయన హయాంలో ఆలిండియా రేడియోలో సినిమా పాటల ప్రసారం బాగా కుంచించుకుపోయింది. సినిమా పాట అభిరుచిని చెరుపుతుందన్నది ఆ విధానం వెనుక ఉన్న అభిప్రాయం. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. సింహళం నుంచి వచ్చే తెలుగు పాటల కార్యక్రమం, అది చదివే మీనాక్షీ పొన్నుదురై కంఠం తెలుగు ఇళ్ళలో చిరపరిచితమయ్యాయి. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభంతో ప్రభుత్వ రేడియోలో సినిమా పాటకు సగౌరవ పునఃప్రవేశం లభించింది.

సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా రేడియో పోషించిన ప్రక్రియ లలితగేయం. ‘ఈ మాసపు పాట’ వంటి శీర్షికలతో కవుల గేయాలను స్వరపరచి, ఒక్కో పాటను పదేపదే వినిపించి, శ్రోతకు నేర్పే ప్రయత్నం జరిగింది. పాలగుమ్మి విశ్వనాథం వంటి స్వరకర్తలు ఈ ప్రక్రియకు ప్రత్యేకమైన మార్దవాన్ని సమకూర్చారు. లలితగేయం ఉదాత్తం, సినీగీతం వ్యాపారం అన్న విభజన అప్పటి విధానంలో అంతర్లీనంగా ఉంది. అయితే ఆ విభజనను కవులే చెరిపివేశారు. రేడియోకు లలితగేయాలు రాసిన కృష్ణశాస్త్రి 1951లో ‘మల్లీశ్వరి’ చిత్రానికి పాటలన్నీ రాశారు. ఆ చిత్రగీతాల్లోని భావకవితా పదజాలం, ప్రకృతిసంబోధన, విరహపు మెత్తదనం లలితగేయంలో ఉన్నవే. ఒకే కవి, ఒకే శైలి. ఒక రచన స్టూడియోలో వాద్యబృందంతో రికార్డయింది, మరొకటి గ్రామఫోను ముద్రగా వచ్చింది. భేదం రచనలో కన్నా అది ప్రయాణించిన మార్గంలోనే ఎక్కువ.

కాలక్రమంలో సంభవించిన వైపరీత్యం గమనించదగినది. ఉదాత్తమని రేడియో పెంచిన లలితగేయాలు చాలావరకు నిలవగదుల టేపుల్లో ఉండిపోయాయి. చౌకబారుదని దూరంపెట్టిన సినీగీతమే అదే రేడియోలో ‘ఆపాతమధురం’గా నిలిచింది. దీనికి ఒక భౌతిక కారణం ఉంది. స్టూడియోలో రికార్డు చేసిన లలితగేయానికి తరచు ఒక్క టేపే ఆధారం. ఆ టేపు చెరిపి మరో కార్యక్రమానికి వాడితే పాట లేదు. సినీగీతానికి మాత్రం వ్యాపారానికై ముద్రించిన గ్రామఫోను రికార్డు ఉంది. ఒక్కో ప్రతి ఒక్కో కేంద్రం గ్రంథాలయంలో చేరింది. ప్రతులు ఎక్కువగా ఉన్న కావ్యం బతికినట్లే ప్రతులు ఎక్కువగా ఉన్న పాట బతికింది. తాళపత్ర గ్రంథాల విషయంలో పరిష్కర్తలకు సుపరిచితమైన ఈ న్యాయం పాటకూ వర్తిస్తుంది.

ప్రకటన: పాటకు వచ్చిన గద్య

తెలుగు గేయసంప్రదాయంలో కర్తృత్వాన్ని నిలబెట్టే సాధనం ముద్ర. అన్నమయ్య పదానికి వేంకటేశ్వర ముద్ర, క్షేత్రయ్య పదానికి మువ్వగోపాల ముద్ర, త్యాగరాజ కృతికి స్వనామముద్ర ఉన్నాయి. పాట ఎవరి నోట పలికినా, ఏ ఊరు చేరినా కర్త పేరు పాటలోనే ప్రయాణిస్తుంది. కావ్యసంప్రదాయంలో ఇదే పనిని ఆశ్వాసాంత గద్య చేస్తుంది. పద్యాలన్నీ ముగిశాక కవి తన పేరు, తండ్రిపేరు, బిరుదు, గ్రంథనామం, ఆశ్వాససంఖ్య చెప్పి సంతకం పెడతాడు. పోతన భాగవతంలో స్కంధాంత గద్యలు లేకపోతే ఆయన తండ్రి కేసన మనకు ఇంత సన్నిహితుడయ్యేవాడు కాదు.

సినీగీతంలో ముద్రకు తావు లేదు. పాటను పాడుతున్నది పాత్ర కనుక కవి తన పేరు చొప్పించలేడు. పైగా వాగ్గేయకారుడిలో ఒకటిగా ఉన్న వాక్కు, గేయం సినిమాలో రెండుగా చీలాయి. రచన ఒకరిది, వరుస మరొకరిది, కంఠం ఇంకొకరిది, పెదవుల కదలిక వేరొకరిది. తెరమీద పేర్లు వచ్చినా, ఒక చిత్రానికి ఇద్దరు ముగ్గురు కవులు రాసినప్పుడు ఏ పాట ఎవరిదో ప్రేక్షకుడికి తెలిసే అవకాశం తక్కువ. థియేటరు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొంతవరకు ఆ లోటు తీర్చింది. కాని ఆ పుస్తకంలో అక్షరం ఉంది, కంఠం లేదు. అది చదవడం వచ్చినవారికే ఉపయోగం.

ఈ చీలికను అతికినది రేడియో ప్రకటన. పాటకు ముందో వెనుకో అనౌన్సరు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం అన్న నాలుగు వివరాలను నిలకడైన వరుసలో చెబుతారు. ఈ ప్రకటనలో క్రియాపదం తరచు ఉండదు, విశేషణాలు ఉండవు, పాట గొప్పదన్న ప్రశంస ఉండదు. శాసనభాషలా బిగుతైన వాక్యం అది. ఆశ్వాసాంత గద్యకు ఉన్న లక్షణాలే దీనికీ ఉన్నాయి: కృతికి వెలుపల నిలవడం, స్థిరమైన ఆకృతి, పునరుక్తి, కర్తృనామ ప్రధానత్వం. కవి తన గద్యను తానే చెప్పుకోగా, సినీకవి గద్యను మరొకరు చెబుతున్నారన్నదే తేడా.

ఈ పునరుక్తి ఫలితం సామాన్యమైనది కాదు. పింగళి నాగేంద్రరావు, సముద్రాల, ఆరుద్ర, శ్రీశ్రీ, ఆత్రేయ, దాశరథి, సి. నారాయణరెడ్డి పేర్లు పుస్తకం పట్టని శ్రోతకు కూడా తెలిశాయి. నిరక్షరాస్యుడైన రైతు ‘మహాప్రస్థానం’ చదవకపోవచ్చు. కాని శ్రీశ్రీ అన్న పేరు అతడికి రేడియోలో వినిపించింది. ఆధునిక కవుల పేర్లను అక్షరాస్యత హద్దు దాటించిన సంస్థల్లో పాఠశాల తరువాత స్థానం రేడియోదే అనడం అతిశయోక్తి కాదు. కొంతకాలానికి శ్రోతలో మరో సామర్థ్యం కూడా ఏర్పడింది. ప్రకటన రాకముందే పదాల పోహళింపును బట్టి ఇది పింగళిది, ఇది ఆత్రేయది అని గుర్తుపట్టడం అది. వినోదంగా కనిపించే ఈ ఊహ శైలీవిమర్శకు తొలి మెట్టు.

అయితే ఈ గద్యను ప్రమాణంగా స్వీకరించే ముందు ఒక హెచ్చరిక అవసరం. అనౌన్సరు చదివేది రికార్డుమీద ఉన్న పేరు. సముద్రాల రాఘవాచార్య పేరుతో వెలువడిన కొన్ని గీతాల్లో మల్లాది రామకృష్ణశాస్త్రి చెయ్యి ఉందన్న వాదం సినీసాహిత్య చర్చలో చాలాకాలంగా ఉంది. ‘మాయాబజార్’ (1957) సంగీతం ఘంటసాలదిగా నమోదైనా, అందులోని కొన్ని వరుసలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవన్నది ప్రసిద్ధమైన మాట. రేడియో ఈ సందేహాలను వినిపించలేదు. ప్రతి ప్రసారంతోనూ నమోదైన పేరే మరింత గట్టిపడింది. లేఖకుడు తప్పు రాస్తే ప్రతుల పరంపరలో అదే పాఠం స్థిరపడే తీరు ఇది. కనుక రేడియో ప్రకటన కర్తృత్వానికి సాక్ష్యమే అయినా పరిష్కరణ అవసరమైన సాక్ష్యం.

కోరినవారు: కొత్త కృతిభర్తలు

ప్రకటనకు రెండవ భాగం కోరినవారి పేర్లు. జనరంజని, మీరు కోరిన పాటలు వంటి కార్యక్రమాల్లో పాటకన్నా ముందు ఒక నామావళి వినిపిస్తుంది. తపాలా కార్డు మీద రాసి పంపిన పేర్లు, వాటి వెంట ఊళ్ళు. ప్రొద్దుటూరు, రాయచోటి, పాలకొండ, నర్సీపట్నం వంటి ఊళ్ళ పేర్లు గాలిలో వినిపించడానికి వార్తల్లో వరదో ప్రమాదమో కావాలి. ఈ కార్యక్రమంలో ఒక కార్డు చాలు.

దీన్ని కాలక్షేపపు అలవాటుగా కొట్టివేయకుండా తెలుగు కావ్యసంప్రదాయం పక్కన పెట్టి చూడవచ్చు. నన్నయ భారతానికి రాజరాజనరేంద్రుడు, పెద్దన మనుచరిత్రకు కృష్ణదేవరాయలు కృతిభర్తలు. తిక్కన హరిహరనాథుణ్ణి, పోతన రాముణ్ణి ఆశ్రయించి నరాంకితాన్ని తోసిపుచ్చారు. ఎవరు కృతిని కోరారు, ఎవరి పేరున అది నిలిచింది అన్నది తెలుగు కావ్యావతారికలో కీలకాంశం. రేడియోలో పాటను కోరినవాడు ఆ కొద్ది నిమిషాలకు దానికి భర్త. అతడు కవికి అగ్రహారం ఇవ్వలేదు. కృతి పుట్టుకకు కారకుడూ కాదు. కాని పుట్టిన కృతిని మళ్ళీ వినిపించేట్టు చేసినవాడు అతడే. రాజు కోరిక కావ్యాన్ని పుట్టించింది. కార్డు రాసినవాడి కోరిక పాటను చావకుండా కాపాడింది.

పాత పాటల పట్టిక రూపొందడంలో ఈ కార్డుల పాత్ర గణనీయం. అనేకులు కోరిన పాట తరచు వస్తుంది. తరచు వచ్చిన పాటను మరింతమంది కోరుతారు. ఇది వలయం. వందలాది చిత్రాల నుంచి కొన్ని గీతాలు మాత్రమే ‘ఆణిముత్యాలు’గా మిగలడానికి గీతాల గుణంతోపాటు ఈ వలయం కూడా కారణం. పాత కాలంలో పాటలన్నీ బాగుండేవన్న అభిప్రాయం ఇక్కడే నిలవదు. బాగులేనివి, కోరనివి, రికార్డు అరిగిపోయినవి వడపోతలో పోయాయి. మిగిలినవాటిని చూసి మొత్తానికి తీర్పు చెప్పడం న్యాయం కాదు. చాటువుల్లో మిగిలిన పద్యాలను చూసి ఆ కాలపు కవులందరూ చమత్కారులే అనుకోవడం వంటిదే ఇదీ.

మీడియం వేవ్ శ్రవణస్వభావం

పాతపాటకూ మీడియం వేవ్‌కూ ఉన్న సంబంధానికి సాంకేతికమైన పునాది కూడా ఉంది. మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 9 కిలోహెర్ట్‌జులు. ఆ ఇరుకులో శబ్దపు పైస్థాయి పౌనఃపున్యాలు చాలావరకు తెగిపోతాయి. తాళాల మెరుపు, వయొలిన్ల పైస్థాయి మెత్తదనం సన్నగిల్లుతాయి. మానవకంఠానికి కీలకమైన మధ్యస్థాయి మాత్రం నిలుస్తుంది. అందువల్ల మీడియం వేవ్‌లో పాట వినడమంటే ప్రధానంగా మాట వినడం. 1950, 60 దశకాల గీతాలు ఏకమార్గ ధ్వనిముద్రణలు. కంఠం ముందు, వాద్యాలు వెనుక అన్న అమరికతో తయారయ్యాయి. 78 భ్రమణాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టడం వల్ల పల్లవి, రెండు మూడు చరణాల క్లుప్తనిర్మాణం స్థిరపడింది. ఆ గీతనిర్మాణానికీ ఈ ప్రసారమార్గానికీ చక్కగా అమరింది. వాద్యవైపుల్యం, స్టీరియో విభజన ప్రధానమైన తరువాతి పాటలు అదే మార్గంలో పేలవంగా వినిపించాయి. ‘పాత పాటలో మాట స్పష్టంగా ఉండేది’ అన్న సాధారణ వ్యాఖ్యలో కవి గొప్పతనంతోపాటు తరంగం గుణం కూడా కలిసి ఉంది.

రాత్రివేళ మరొక మార్పు వస్తుంది. పగలు మీడియం తరంగాలను పీల్చివేసే అయనావరణపు కింది పొర సూర్యాస్తమయం తరువాత పలచబడుతుంది. తరంగాలు పైపొరల్లో పరావర్తనం చెంది వందల కిలోమీటర్లు పోతాయి. దూరపు కేంద్రం వినిపిస్తుంది. వినిపిస్తూనే ఉబ్బుతూ తగ్గుతూ, మరో కేంద్రంతో కలగాపులగమవుతూ ఉంటుంది. చరణం మధ్యలో మాట జారిపోతే శ్రోత తన జ్ఞాపకంలోంచి దాన్ని పూరించుకుంటాడు. ఇలా పూరించుకోవడానికి పాట ముందే కంఠస్థమై ఉండాలి. కనుక మీడియం వేవ్ శ్రోతకు పరిచిత గీతమే అనుకూలం. కొత్తపాటను రేడియోలో తెలుసుకోవచ్చు. పాత పాటను మాత్రమే రేడియోతో కలిసి పాడుకోవచ్చు.

‘పాత’ అన్న హద్దు: ఒక పోలిక

పాతపాటలను ఒక ప్రత్యేక ప్రసారపద్ధతిగా నిలబెట్టిన మరో దేశం అమెరికా. 1959లో ఆర్ట్ లబో ‘ఓల్డీస్ బట్ గూడీస్’ పేర పాత గీతాల సంకలనాన్ని రికార్డుగా తెచ్చారు. ఆయన రేడియో కార్యక్రమాలు శ్రోతల అంకితాలకు ప్రసిద్ధం. మన కోరినవారి నామావళికి అది దగ్గరి బంధువు. 1972లో న్యూయార్క్‌లోని డబ్ల్యు.సి.బి.ఎస్. ఎఫ్.ఎం. పూర్తిగా పాతపాటలకే అంకితమైంది. అక్కడి చిన్న ఊళ్ళలో ఎ.ఎం. కేంద్రాలనేకం పగటిపూట మాత్రమే నడిచేవి. రాత్రి పరావర్తనం వల్ల పెద్ద కేంద్రాలకు అంతరాయం కలుగుతుందని సూర్యాస్తమయానికి ఆపివేయవలసి వచ్చేది. సంగీతశ్రోతలు ఎఫ్.ఎం.కు తరలిన తరువాత అటువంటి చిన్న కేంద్రాలకు పాతపాట ఒక ఆసరా అయింది.

పోలిక ఇంతవరకే. రెండుచోట్లా ‘పాత’ అన్నదాని హద్దును నిర్ణయించిన శక్తులు వేరు. అమెరికాలో ఆ హద్దును జరిపినది ప్రకటనదారు. ఏ వయసువారు కొనుగోలుదారులో వారి యౌవనకాలపు పాటే పాతపాట. శ్రోతలు వృద్ధులయ్యేకొద్దీ 1950ల గీతాలు, ఆపైన 1960ల గీతాలు పట్టికనుంచి జారిపోయాయి. ‘ఓల్డీస్’ అన్న పేరే పలుచోట్ల ‘క్లాసిక్ హిట్స్’గా మారింది. పైన చెప్పిన న్యూయార్క్ కేంద్రమే 2005లో ఆ పద్ధతిని విడిచిపెట్టి, 2007లో మార్చిన పట్టికతో తిరిగి వచ్చింది.

తెలుగులో హద్దు దాదాపు కదలలేదు. ప్రాథమిక కేంద్రాల్లోని కార్యక్రమనిర్ణయం ప్రకటనదారు చేతిలో లేకపోవడం ఒక కారణం. కంఠం రెండో కారణం. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మరణంతో ఒక కంఠం ఆగిపోయింది. అంతకు ముందున్నది పాత అన్న విభజన శ్రోతల మనసుల్లో అప్పుడే ఏర్పడి, దశాబ్దాలు నిలిచింది. 1975 తరువాతి గీతం ఎంత కాలం గడిచినా సులభంగా ‘పాత’ కాలేకపోయింది. దాన్ని పాడిన కంఠం కొత్తపాటల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది కనుక. 2020లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మరణానంతరం 1980ల గీతాలు కూడా పాతపాటల గౌరవాన్ని వేగంగా పొందుతుండటం ఈ ఊహను బలపరుస్తుంది. తెలుగు శ్రోతకు పాతదనం సంవత్సరాల లెక్క కాదు, ఒక కంఠం ఇక పాడదన్న ఎరుక. అందుకే పాతపాట వినడంలో ఆనందంతోపాటు స్మృత్యంజలి లక్షణం కూడా ఉంటుంది.

గద్యకు ఎక్కనివి

ఇంతవరకు చెప్పిన గౌరవకల్పన అందరికీ సమానంగా అందలేదు. పాతపాటల పట్టిక ప్రధానంగా మద్రాసులో తయారైన చిత్రాలది. ఆ గీతాల భాష కోస్తా శిష్టభాషకు, ప్రబంధ, భావకవితా పదజాలానికి దగ్గర. తెలంగాణ నుడికారానికి ఆనాటి సినీగీతంలో దక్కిన స్థానం అత్యల్పం. దాశరథి, సి. నారాయణరెడ్డి తెలంగాణ కవులే అయినా వారు సినిమాకు రాసిన గీతాలు అధికభాగం ఆ శిష్టశైలిలోనే సాగాయి. కనుక ‘మన పాత పాటలు’ అన్నప్పుడు ‘మన’ అన్న సర్వనామం ఎవరిని కలుపుకొంటున్నదో అడగవలసి ఉంటుంది. ఆ పాటల్లో తన ఊరి మాట ఒక్కటీ వినని శ్రోత కూడా వాటిని తనవిగా ప్రేమించాడు. ఆ ప్రేమ నిజం; అది ఒకవైపు నుంచే సాగిందన్నదీ నిజం.

జానపదగీతం దగ్గర ప్రకటన అనే గద్య తడబడుతుంది. రచన అన్న చోట చెప్పడానికి పేరు లేదు. అక్కడ ‘సంప్రదాయం’ అన్న మాటో ‘సేకరణ’ అంటూ సేకర్త పేరో చేరుతుంది. పాటను తరాలపాటు మోసిన కులవృత్తి బృందమో, నాట్లువేస్తూ పాడిన స్త్రీలో, ఆ ఊరో ప్రకటనలోకి రారు. వ్యక్తికర్తృత్వాన్ని నిలబెట్టడంలో రేడియో సాధించిన విజయమే సామూహిక కర్తృత్వం విషయంలో దాని పరిమితి. ఉద్యమగీతానిది ఇంకో కథ. 1970ల నుంచి జననాట్యమండలి వంటి బృందాల పాటలు సభల్లో, ఆపైన క్యాసెట్లలో వ్యాపించాయి. ప్రభుత్వ మాధ్యమం వెలుపల పెరిగిన ఈ గీతానికి అనౌన్సరు లేడు. ఎందరో శ్రోతలకు ఆ పాటలు తెలుసు. అన్నిటి కర్తలూ తెలియరు. తెలుగు పాట చరిత్రను రేడియో ఆధారంగా మాత్రమే రాస్తే ఈ భాగమంతా ఖాళీగా మిగులుతుంది.

ముగింపు

గత కొన్నేళ్ళుగా ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ల సంఖ్యను తగ్గించి ఎఫ్.ఎం. వైపు మొగ్గుతున్నది. పాతపాటలకు దీనివల్ల వచ్చే లోటు లేదు. చరవాణిలో అవి మునుపటికన్నా సులభంగా, స్పష్టంగా దొరుకుతున్నాయి. లోటు వచ్చేది గద్యకు. సంగీత అనువర్తనాల్లో పాట పక్కన చిత్రం పేరు, గాయకుడి పేరు, నటుడి బొమ్మ ముందు కనిపిస్తాయి. రచయిత పేరు వెతికితే తప్ప కనబడదు, కొన్నిసార్లు వెతికినా ఉండదు. ప్రైవేటు ఎఫ్.ఎం.లో వ్యాఖ్యాత సంభాషణ పెరిగింది, ప్రకటన తగ్గింది. ముద్ర లేని పాటకు గద్య కూడా పోతే అది అనామకమవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రసిద్ధ కవులు రాసిన గీతాలు మరో తరానికి కర్త తెలియని పాటలుగా చేరే అవకాశం ఉంది.

అందువల్ల ఈ కేంద్రాల కాగితాలను సాహిత్య ఆధారాలుగా గుర్తించడం అవసరం. గ్రామఫోను గ్రంథాలయాల నమోదు పుస్తకాలు, రోజువారీ ప్రసారపట్టికలు, అనౌన్సర్లు చదివిన ప్రతులు, ‘వాణి’ పత్రిక పాత సంచికలు, శ్రోతల కార్డులు – ఇవన్నీ సినీగీత పాఠపరిష్కరణకు, కర్తృత్వ నిర్ణయానికి, అభిరుచి చరిత్రకు అక్కరకు వచ్చేవి. శారదా శ్రీనివాసన్ ‘నా రేడియో అనుభవాలు, జ్ఞాపకాలు’ వంటి స్వీయకథనాలు స్టూడియో లోపలి జీవితాన్ని చూపుతాయి; వాటిని ఈ కాగితాలతో కలిపి చదివినప్పుడే చిత్రం పూర్తవుతుంది. తాళపత్రాల సేకరణకు ఊరూరా తిరిగిన తరం మన శాఖలకు పునాది వేసింది. రేడియో కేంద్రాల నిలవగదుల్లో ఉన్న కాగితం తాళపత్రమంత మన్నిక గలది కాదు. అరిగిన రికార్డుమీద కాగితపు చీటీ అంతకన్నా త్వరగా ఊడిపోతుంది. ఆ చీటీ మీద ఉన్నది కవి పేరు.